కోడెదూడను ఎప్పుడు అమ్మాలి?



ముళబాగిలు, శ్రీనివాసపురం, బాగేపల్లి వైపున్నవారికీ, అటు హోసూరు, బేరికె, వేపనపల్లి వైపున్నవారికీ ఈ మాట కొత్తది కాదు. రాగి కోసి కుప్ప వేసేసరికి కార్తీకం వెళ్ళిపోతుంది. ఆ వెంటనే ఇంట్లో ఒక ప్రశ్న లేస్తుంది. దొడ్లో ఉన్న హళ్ళికారు కోడెదూడను ఈ ఏడు పరసకు తోలుకుపోదామా, ఇంకో ఏడు మేపుదామా? ఆడవాళ్ళు ఒక మాట అంటారు, పెద్దాయన ఇంకో మాట అంటాడు. చివరకు నిర్ణయం ఏమీ జరగదు. దూడ గాటిపాట్లోనే ఉంటుంది. చైత్రం దాటాక గడ్డి అయిపోతుంది. అప్పుడు దళారి తనంతట తానే ఇంటికి వస్తాడు.

ఈ రోజు నేను చెప్పదలచింది ఆ దళారి రాకముందు మనం వేసుకోవలసిన లెక్క గురించి. దూడను ఏ వయసులో అమ్మాలన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. కానీ ఆ నిర్ణయం ఎప్పుడు చేయాలన్నదానికి మాత్రం ఉంది. రాగి కుప్ప వేసిన వారంలో చేయాలి. గడ్డి నిండుకున్న రోజున చేసేది నిర్ణయం కాదు, లొంగిపోవడం.

నా సంగతే చెబుతాను. 2001 నుంచి వరుసగా వానలు దగా చేసిన రోజులవి. 2003లో మా ఇంట్లో ఏడాదిన్నర కోడె ఒకటి ఉండేది. ముఖం సన్నగా, కొమ్ములు వెనక్కి వాలుతూ, చూసినవాళ్ళు మళ్ళీ చూసేలా ఉండేది. పుష్యమాసంలో ఒకాయన మంచి ధరే అడిగాడు. రెండు పళ్ళు వేశాక ఇంకా వస్తుందని నేను ఇవ్వలేదు. వైశాఖం నాటికి దాని పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. వామి నేలమట్టం అయింది. పుష్యంలో అడిగినదానిలో సగానికి కాస్త ఎక్కువకు, పక్క ఊరి రైతుకు ఇచ్చేశాను. శ్రావణంలో ఆ ఊరికి పెళ్ళికి వెళితే ఆయన దొడ్లో అదే కోడె కనిపించింది. మూపురం నిండింది, వెంట్రుక నిగనిగలాడుతోంది. ఆయన దానికి ప్రత్యేకంగా పెట్టింది ఏమీ లేదు. రెండు వానలు పడ్డాయి, గట్ల మీద పచ్చిక వచ్చింది, అంతే.

ఇందులో మాయ లేదు. ఎదిగే వయసులో ఉన్న పశువు కొన్ని నెలలు అర్ధాకలితో ఉంటే దాని ఒళ్ళు తగ్గుతుంది కానీ ఎముక కొంత ఎదుగుతూనే ఉంటుంది. తర్వాత మంచి మేత దొరకగానే మామూలు కంటే వేగంగా కండ పడుతుంది, పోయినదానిలో చాలావరకు పూడ్చుకుంటుంది. కొనేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఎండాకాలం చివర్లో ఊళ్ళు తిరుగుతాడు. బక్కచిక్కిన దూడను అమ్మినవాడు వాన ఇచ్చే ఆ కండను కూడా ఊరికే ఇచ్చేస్తున్నాడన్నమాట. నేను ఇచ్చింది అదే.

ఇక లెక్కకు వద్దాం.

పెద్ద పరసలు మన ఇష్టప్రకారం రావు. దొడ్డబళ్ళాపురం తాలూకాలోని ఘాటి సుబ్రహ్మణ్యలో పుష్యమాసంలో, తేరుకు ముందు జరుగుతుంది. తుమకూరు దగ్గర సిద్ధగంగలో శివరాత్రి వేళకు, మన ముళబాగిలు తాలూకా ఆవనిలో కూడా ఆ రోజులకే జరుగుతాయి. అంటే కొనేవాళ్ళు పదిమంది ఒకచోట చేరి, ఒకరితో ఒకరు పోటీపడి ధర చెప్పే కాలం ఏడాదికి రెండు మూడు నెలలే. అందువల్ల దూడ ఏ నెలలో పుట్టిందన్నది చాలా ముఖ్యం. ఆషాఢంలో పుట్టిన దూడకు మొదటి ఘాటి పరస నాటికి ఆరు నెలలు, రెండో పరసకు ఏడాదిన్నర, మూడోదానికి రెండున్నరేళ్ళు, నాలుగోదానికి మూడున్నరేళ్ళు. మనకున్నవి ఈ నాలుగు మెట్లే. మధ్యలో అమ్మితే ఇంటి దగ్గరి బేరమే, ఒక్కడు చెప్పిన ధరే.

ఒక్కో మెట్టు దగ్గర కొనేవాడు వేరు. ఆరు నెలల దూడను కొనేవాడు తల్లిని, జాతిని, కొమ్ము మొలకను చూసి కొంటాడు. ఏడాదిన్నర కోడెను కొనేవాడు దానికి జత వెతుక్కుంటూ వస్తాడు. మంచి మేత ఉన్న ఊళ్ళో పెట్టి, మేపి, పని నేర్పి అమ్ముకునే రైతు అతను. రెండున్నరేళ్ళ దగ్గర నోరు తెరిచి చూస్తారు. దూడకు పుట్టిన నెలలోపే కింది దవడ ముందు పాలపళ్ళు ఎనిమిదీ కనిపిస్తాయి. రెండేళ్ళు దాటాక మధ్యలో రెండు ఊడి పెద్ద పళ్ళు వస్తాయి. అక్కడినుంచి ఇంచుమించు ఆరు నుంచి ఎనిమిది నెలలకు ఒక జత చొప్పున, నాలుగున్నర ఐదేళ్ళకు నోరు నిండుతుంది. రెండు పళ్ళ కోడె అంటే కాడి కిందికి వచ్చే వయసని అర్థం. నాలుగు పళ్ళ జత, కాడి మోసిన మెడతో, అరక లాగి చూపించిన జత అయితే అది వేరే ధర. అక్కడ అమ్ముడుపోయేది పశువు ఒక్కటే కాదు, మీ రెండేళ్ళ ఓపిక కూడా.

కాబట్టి "పెద్దదైతే ఎక్కువ వస్తుంది" అన్నది నిజమే. ఎక్కువ వచ్చినదానిలో మీకు ఎంత మిగులుతుందన్నదే ప్రశ్న.

మొదట మేత చూడండి. పశువు ఒంటి బరువులో ప్రతి 100 కిలోలకు రోజుకు సుమారు రెండున్నర కిలోల ఎండుమేత కావాలి. జత ఎద్దులు ఉన్న ఇంట్లో ఒక్కోదానికి 8 కిలోలు, ఆవుకు 7 కిలోలు, ఆరు నెలలు దాటిన దూడకు రెండున్నర కిలోలు అనుకోండి. మొత్తం రోజుకు ఇరవై ఐదున్నర కిలోలు. మార్గశిరం నుంచి ఆషాఢంలో గట్లు పచ్చబడేవరకు ఏడు నెలలు, అంటే 210 రోజులు. లెక్క కడితే దాదాపు 5,400 కిలోలు. కోసిన చేలల్లో కొన్నాళ్ళు మేస్తాయి, నిజమే. కానీ తొక్కుడుకు పోయేది, వానకు కుళ్ళేది, చెదలు తినేది కూడా ఉంటుంది. ఆ రెండూ సరికి సరి అనుకోండి. మీ కుప్పలో ఎన్ని బండ్ల గడ్డి దిగుతుందో, బండికి ఎంత పడుతుందో నాకంటే మీకు బాగా తెలుసు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కొరత పడేట్టుంటే ఎవరి మేత కోసి దూడకు పెడతారు? ఎద్దులకు తగ్గిస్తే తొలకరి దుక్కి ఆగుతుంది. ఆవుకు తగ్గిస్తే ఎదకు రాదు. చివరకు తగ్గేది దూడకే. అలా తగ్గే పరిస్థితి ఉంటే ఒంటి మీద కండ ఉన్నప్పుడే, పుష్య మాఘాల్లోనే, అమ్మేయడం మేలు.

మరో మాట. "గడ్డి మన పొలందే కదా, దానికి డబ్బు లెక్కేమిటి" అంటారు. పక్కింటివాడు వచ్చి కొంటానంటే ఎంతకు ఇస్తారో ఆ ధర కట్టండి. ఊరికే లెక్క కోసం ఒక ఉదాహరణ చెబుతాను, ధరలు మీ ఊరివి వేసుకోండి. ఆరు నెలల దూడకు ఈ ఏడు 15,000 రూపాయలు ఇస్తామన్నారు. వచ్చే పరసకు 28,000 రావచ్చని మీ అంచనా. అంటే 13,000 ఎక్కువ. ఈ ఏడాదిలో దూడ సగటు బరువు 120 కిలోలు అనుకుంటే రోజుకు 3 కిలోల చొప్పున సుమారు 1,100 కిలోల మేత తింటుంది. కిలో 8 రూపాయలైతే 8,800. ఎండాకాలం నాలుగు నెలలు రోజుకు అరకిలో వేరుశనగ చెక్క పెడితే 60 కిలోలు, కిలో 45 చొప్పున 2,700. మందులకు 500. ఆ 15,000 చేతిలో ఉంటే నూటికి రూపాయి వడ్డీ మీద 1,800. అన్నీ కలిపితే 13,800. ఏడాది చాకిరీ చేసి 800 నష్టం. అదే మీకు బీడు భూమి ఉండి, ఏడాదిలో సగం మేత గట్ల మీదే దొరికితే 4,400 తగ్గుతుంది. అప్పుడు 3,600 మిగులుతుంది. పేడ లెక్కలో వేయలేదు, మీరు వేసుకోండి. దూడ చచ్చిపోయే ప్రమాదాన్నీ వేయలేదు, అదీ వేసుకోండి. తేడా అంతా మీ ఊళ్ళో మేత భూమి ఉందా, లేదా అన్న దగ్గరే వచ్చింది చూశారా? నీలగిరి చెట్లు నాటిన ఊళ్ళలో, లేఅవుట్లు పడిన ఊళ్ళలో, మా తాతల నాటి పద్ధతిలో దూడను మూడేళ్ళు నిలిపితే ఎందుకు గిట్టుబాటు కావడం లేదో దీన్నిబట్టి తెలుస్తుంది.

చెక్క ఎందుకంటారేమో. వరిగడ్డి కంటే రాగిగడ్డి మంచిదే. కానీ ఎండుగడ్డి ఏదైనా ఒక్కదానితోనే పెరిగే దూడకు సరిపోదు. దానిలో మాంసకృత్తులు తక్కువ. కడుపు నిండుతుంది, ఒళ్ళు నిండదు. కాస్త చెక్కో, ఉడికించిన ఉలవలో, వేరుశనగ కట్టెలో తోడైతేనే గడ్డి కూడా బాగా అరుగుతుంది.

దూడ పెరుగుతున్నదీ లేనిదీ కంటితో పోల్చడం కష్టం. రోజూ చూసే కంటికి అసలు తెలియదు. దీనికి ఒక సులువు ఉంది, బడికి వెళ్ళే పిల్లవాడు కూడా చేయగలడు. దర్జీ టేపు తీసుకోండి. ముందుకాళ్ళ వెనకగా రొమ్ము చుట్టుకొలత ఎన్ని అంగుళాలో చూడండి. తర్వాత జబ్బ ముందు ఎముక నుంచి తోక పక్క పిర్ర ఎముక దాకా పొడవు చూడండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారుగా బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 40, పొడవు 36 అనుకోండి. 40ని 40తో గుణిస్తే 1,600. దాన్ని 36తో గుణిస్తే 57,600. 660తో భాగిస్తే 87 కిలోలు. తూనికలా ఖచ్చితం కాదు. అయినా నెలనెలా ఒకే మనిషి, ఒకే వేళ, మేతకు ముందు కొలిస్తే పెరిగిందా ఆగిందా అన్నది తెలిసిపోతుంది. మాఘంలోనే కొలత ఆగిపోయిందంటే ఆ దూడ వైశాఖంలో ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. శివరాత్రి పరస ఇంకా మిగిలే ఉంటుంది.

మేత తర్వాత చూడవలసింది మనుషులను. కోడెకు కాడి నేర్పడానికి మనిషి కావాలి. ముకుతాడు వేసి, పాత ఎద్దు పక్కన కట్టి, ముందు ఊరికే నడిపించి, తర్వాత తేలిక మొద్దు లాగించి, ఆ తర్వాతే అరక. ఇది నెలల పని. కొడుకులు బెంగళూరుకు, హోసూరు ఫ్యాక్టరీలకు పోయి, ఇంట్లో అరవై దాటినవాళ్ళు ఇద్దరే ఉంటే రెండు పళ్ళ కోడెను పట్టుకోవడం ప్రమాదం కూడాను. అటువంటివారు ఏడాదిన్నర దగ్గర ఆపేయడం మంచిదని నా అభిప్రాయం. మనుషులూ, మేతా రెండూ ఉన్నవారు ఆ మెట్టు దాటారంటే మాత్రం నాలుగు పళ్ళ దాకా నిలపాలి. పని నేర్పని రెండున్నరేళ్ళ ఒంటి కోడె దగ్గర ఆగినవాడికే దెబ్బ ఎక్కువ. మేత అంతా తినేసి ఉంటుంది, పని మాత్రం రాదు.

ఒంటి కోడె అన్నాను కదా. జత కుదిరితే ధర రెండింతల కంటే ఎక్కువే పలుకుతుంది. ఎత్తు, రంగు, కొమ్ము వాలు, నడక కలవాలి. మీ దగ్గర ఒకటే ఉంటే ఊళ్ళో, పక్క ఊళ్ళో దానికి ఈడైనది ఎవరింట్లో ఉందో పరసకు ఆరు నెలల ముందే చూసుకోండి. ఇద్దరు రైతులూ కలిసి జతగా అమ్మి డబ్బు పంచుకోవచ్చు. ఈ పని మనం చేయకపోతే దళారి చేస్తాడు. మీ దగ్గర ఒకటి, ఆయన దగ్గర ఒకటి విడివిడిగా కొని, పరసలో జత చేసి అమ్ముతాడు.

సుడుల సంగతి కూడా ఒక మాట. సుడి అరక దున్నదు, బండి లాగదు. నాకు దాని మీద నమ్మకం లేదు. కానీ కొనేవాడికి ఉంది. చెడ్డ సుడి అని పేరుపడినది ఉంటే ఎంత మేపినా ఆ కోత తప్పదు. కాబట్టి అటువంటి దూడను చిన్నతనంలోనే తక్కువ ఖర్చుతో అమ్మేయడమో, ఇంటి సేద్యానికే ఉంచుకోవడమో చేయాలి.

కృష్ణగిరి వైపు సంక్రాంతి రోజుల్లో ఎద్దులు వదిలే పండుగ ఉంది. తమిళనాడులో 2017లో చట్టం సవరించారు, 2023 మే నెలలో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. పరుగుకు పనికొచ్చే కోడెకు వచ్చే ధర విని మనవాళ్ళు ఆశపడుతున్నారు. పరుగుకు కొనేవారికి బీజం కొట్టించని కోడె కావాలి, సేద్యానికి కొనేవారికి కొట్టించినది కావాలి. ఎవరికి అమ్మాలో తేల్చుకోకుండా తొందరపడి కొట్టించవద్దు. అయితే నూరు దూడల్లో ఆ ధర పలికేవి ఏ ఒకటో రెండో. మిగతావి మామూలు కోడెలే. ఆ ఆశతో దూడను నిలపడం లాటరీ టిక్కెట్టుకు గడ్డి మేపడం లాంటిది.

కర్ణాటకలోని వారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2020 నాటి గోవధ నిషేధ చట్టం 2021లో అమలులోకి వచ్చింది. ఆవు, దూడ, కోడె, ఎద్దు ఏ వయసుదైనా వధకు అమ్మడం నేరం. అంటే పనికిరాదనుకున్న కోడెకు చివరి కొనుగోలుదారు లేడు. సేద్యానికో, బండికో, పరుగుకో పనికొచ్చే వయసులోనే అది చేతులు మారాలి. పశువును వాహనంలో తీసుకుపోయేటప్పుడు పశువైద్యుడి ధృవపత్రం, పరసలో కొన్న రసీదు, చెవి బిళ్ళ నంబరు దగ్గర ఉంచుకోండి. హోసూరు నుంచి హద్దు దాటి వచ్చేవారికి ఇది మరీ అవసరం.

పరసకు బయలుదేరే ముందు కనీసం మూడు వారాలకు గాళ్ళవ్యాధి టీకా పూర్తయి ఉండాలి. వేయించిన మర్నాడే తోలుకుపోతే అది రక్షణ కాదు. నట్టల మందు కూడా అప్పుడే. 2022 చివర్లో ముద్దచర్మ వ్యాధి ప్రబలినప్పుడు కర్ణాటకలో పశువుల పరసలు, రవాణా ఆపేశారు. పరస మీదే ఆశ పెట్టుకున్నవారు చిక్కుల్లో పడ్డారు. ఆ మరుసటి ఏడు, 2023లో, వానలు లేక 223 తాలూకాలను కరువు తాలూకాలుగా ప్రకటించారు. ఒక ఏడు పరస ఆగిపోతే, మరుసటి ఏడు మేత కరువు. అందుకని పరస లేకపోయినా ఇంటి దగ్గరే కొనగలిగే ఇద్దరు ముగ్గురు రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు ముందే రాసి ఉంచుకోవడం మంచిది.

పరసలో బేరం ఎలా జరుగుతుందో మీకు తెలుసు. కండువా కింద చేతులు కలుపుతారు, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవారికి తెలియదు. ఆ కండువా కింద చేయి పెట్టకముందే మీ కనీస ధర మీ మనసులో ఉండాలి. అది కూడా ఇంట్లోవాళ్ళతో కలిసి, పైన చెప్పిన లెక్క కట్టి, అనుకున్నదై ఉండాలి. పరస చివరి రోజుదాకా లాగకండి. దూడను వెనక్కి తోలుకుపోవడానికి లారీ బాడుగ ఎంతవుతుందో కొనేవాడికీ తెలుసు, అంతమేర ధర తగ్గించే అడుగుతాడు.

పెయ్యదూడల సంగతి వేరు. మంచి హళ్ళికారు పెయ్యను ఏ మెట్టు దగ్గరా అమ్మవద్దనే నేను చెబుతాను. మేత కరువైతే కోడెను పంపి పెయ్యను నిలపండి. 2000 సంవత్సరంలో తపాలా శాఖ ఈ జాతి బొమ్మతో స్టాంపు వేసింది. కానీ జాతి నిలిచేది ఇంట్లో పెయ్య ఉంటేనే. నాలుగు నెలల నుంచి ఎనిమిది నెలల లోపు దానికి ఈచుకుపోయే రోగం, అంటే బ్రూసెల్లా, టీకా ఒక్కసారి వేయిస్తే చాలు.

ఇక దూడను అమ్మి ఇంటికి వచ్చాక తల్లి రెండు మూడు రోజులు అరుస్తుంది. మేత సరిగా తినదు. ఆ రోజుల్లో దాన్ని పాత గుంజ దగ్గర కాకుండా వేరేచోట కట్టండి. పొదుగు బిగిస్తే కాస్త కాస్తగా పిండి వదలండి, ఒకేసారి ఆపితే వాపు వస్తుంది. దూడ కుడుస్తున్నంతకాలం చాలా ఆవులు తొందరగా ఎదకు రావు, దూడ విడిచాక వస్తాయి. అయితే వచ్చిన మొదటి ఎదకే చూలు కట్టించాలని లేదు. ఆవుకు తొమ్మిది నెలల తొమ్మిది రోజులు. మేత బాగా ఉన్న ఆశ్వయుజంలో కట్టిస్తే ఆషాఢంలో ఈనుతుంది, దూడ పచ్చిక మీద పెరుగుతుంది, పుష్యానికి ఆరు నెలలు నిండుతాయి. చైత్రంలో కట్టిస్తే పుష్యంలోనే, పరస జరుగుతుండగా ఈనుతుంది. ఆ దూడ పుట్టిన మూడు నెలలకే ఎండల్లో పడుతుంది. ఆవు ఒళ్ళు బాగుంటే ఆశ్వయుజం దాకా ఆగవచ్చు, ఒళ్ళు లేకపోతే ఎలాగూ ఆగాలి. కట్టించిన తారీఖు దొడ్డి గోడ మీద బొగ్గుతో రాసిపెట్టండి, పక్కనే ఈనే నెల కూడా రాయండి.